స్కూబా డైవింగ్ యాత్రకు బీమా: ఏ పాలసీ ఎవరికి సరిపోతుంది

స్కూబా డైవింగ్‌కు వెళ్లేవారు బీమా పాలసీలను పోల్చేటప్పుడు సాధారణంగా ప్రీమియం ఎంత, బీమా మొత్తం ఎంత అన్న రెండు అంకెలే చూస్తారు. ఊళ్లు చూసి వచ్చే యాత్రకు ఆ పోలిక చాలావరకు చాలు గానీ, నీటి అడుగుకు దిగే యాత్రకు చాలదు. 5 లక్షల డాలర్ల పాలసీ తీసుకున్నా, అందులో స్కూబా మినహాయింపుల జాబితాలో ఉంటే డైవింగ్ ప్రమాదం విషయంలో ఆ పాలసీ ఉన్నా లేనట్టే. అదే 50 వేల డాలర్ల పాలసీ అయినా, స్కూబాను పేరు పెట్టి చేర్చుకుని, దీవి నుంచి ఆసుపత్రికి చేర్చే ఖర్చును నేరుగా భరించేదైతే డైవర్‌కు అక్కరకొచ్చేది అదే. అందుచేత పోలికను ఒక ప్రశ్నతో మొదలుపెట్టాలి: మీరు మునిగే చోటికి అన్నిటికన్నా దగ్గరి రీకంప్రెషన్ ఛాంబర్ (మళ్లీ పీడనం పెంచి డైవర్‌కు చికిత్స చేసే గది; హైపర్‌బారిక్ ఛాంబర్ అన్నా ఇదే) ఎక్కడ ఉంది, అక్కడికి మిమ్మల్ని ఎవరు, ఎవరి అనుమతితో, ఎవరి డబ్బుతో చేరుస్తారు?

ఛాంబర్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే డైవర్లకు వచ్చే జబ్బు సంగతి కొంత చెప్పుకోవాలి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక అట్మాస్ఫియర్ చొప్పున పీడనం పెరుగుతుంది కాబట్టి 18 మీటర్ల లోతులో శరీరం మీద ఒడ్డున ఉండేదానికి 2.8 రెట్ల పీడనం ఉంటుంది. ఆ పీడనంలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలోకి, కణజాలంలోకి కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే అది ఊపిరితో బయటికి పోతుంది. తొందరపడి వచ్చినప్పుడు, ఒక్కోసారి అన్నీ పద్ధతి ప్రకారం చేసినప్పుడు కూడా, అది బుడగలుగా మారి కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, చర్మం మీద మచ్చలు, అంతుపట్టని నీరసం మొదలుకొని కాళ్లు చచ్చుబడటం వరకు ఏదైనా తెచ్చిపెట్టవచ్చు. ఇదే డీకంప్రెషన్ సిక్‌నెస్; డైవర్లు మాట్లాడుకునే భాషలో బెండ్స్. దీనికి ప్రథమ చికిత్స నూరు శాతం ఆక్సిజన్. అసలు చికిత్స మాత్రం ఛాంబర్‌లో పడుకోబెట్టి మళ్లీ పీడనం పెంచి, ఆక్సిజన్ ఇస్తూ, క్రమంగా తగ్గించడమే. ఎక్కువ చోట్ల అనుసరించే అమెరికా నౌకాదళపు చికిత్సా పట్టిక టేబుల్ 6 ప్రకారం ఒక్క విడత చికిత్సకే 4 గంటల 45 నిమిషాలు పడుతుంది. లక్షణాలు పూర్తిగా పోకపోతే మర్నాడు, ఆ తరువాతి రోజు కూడా విడతలు ఉంటాయి. మామూలు ఆసుపత్రిలో ఎంత మంచి ఐసీయూ ఉన్నా ఈ పని జరగదు. మామూలు విమానం ఎక్కించి పెద్ద ఊరికి తీసుకుపోదామంటే, పైకి పోయేకొద్దీ క్యాబిన్‌లో పీడనం తగ్గి బుడగలు పెద్దవవుతాయి. కాబట్టి తరలింపు అనేది ఈ బీమాలో అనుబంధం కాదు, ప్రధానాంశం.

తెలుగువారు డైవింగ్ కోసం ఎక్కువగా వెళ్లే అండమాన్ పటం చూస్తే ఇది ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. డైవ్ సెంటర్లు అధికంగా ఉన్నది హావ్‌లాక్‌లో, అంటే 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన దీవిలో. ఛాంబర్ ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లోని, అంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఊరిలోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరిలో. మధ్యలో సముద్రం. ప్రైవేటు ఫెర్రీలో వెళ్లినా గంటన్నర పైనే పడుతుంది, అవి పగటిపూటే నడుస్తాయి. మధ్యాహ్నం రెండో డైవ్ ముగించి బయటికి వచ్చినవారికి సాయంత్రం ఏ ఆరింటికో చేయి తిమ్మిరెక్కడం మొదలైతే, అప్పటికి చివరి ఫెర్రీ వెళ్లిపోయి ఉంటుంది. ఆ రాత్రి ప్రత్యేకంగా పడవ మాట్లాడాలా, హెలికాప్టర్ దొరుకుతుందా, ఆక్సిజన్ సిలిండర్ ఎన్ని గంటలు వస్తుంది అన్నవే అప్పటి ప్రశ్నలు. మాల్దీవుల్లో బండోస్ దీవిలో ఛాంబర్ ఉంది గానీ, మీరు దిగిన రిసార్ట్ దక్షిణాన ఏ దూరపు అటోల్‌లోనో (పగడపు దీవుల సమూహంలోనో) ఉంటే అక్కడి నుంచి రావడమే ఒక ప్రయాణం. కర్ణాటక తీరంలోని నేత్రాణి, గోవా, పుదుచ్చేరి, మన రుషికొండ వంటి చోట్ల ఒడ్డు దగ్గరే కదా అని ధైర్యంగా ఉంటాం. అక్కడ కూడా మీ అత్యవసర ప్రణాళికలో ఏ ఛాంబర్ పేరు ఉంది, అది ఈ నెల పనిచేస్తోందా అని డైవ్ సెంటర్ వారిని అడగవలసిందే. ఈ ప్రశ్నకు తడుముకునే సెంటర్‌తో నీళ్లలోకి దిగకపోవడం ఏ పాలసీ కన్నా మెరుగైన రక్షణ.

ఇక ఎంపికల సంగతి. దేశంలోపల డైవింగ్ చేసేవారు ముందుగా చూడవలసింది కొత్త పాలసీ కాదు, ఇంట్లో ఇప్పటికే ఉన్న ఆరోగ్య బీమా. సాహస క్రీడలు ఏవీ ఆరోగ్య బీమాలో రావన్నది మన దగ్గర బాగా నాటుకుపోయిన నమ్మకం. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆరోగ్య బీమా పాలసీల మినహాయింపులను ఏకరూపం చేసినప్పుడు ఇందుకు సంబంధించిన వాక్యాన్ని ఎక్స్‌క్ల్09 (Excl09) అనే సంకేతం కింద ఉంచింది. స్కూబా డైవింగ్, డీప్ సీ డైవింగ్ పేర్లు ఆ వాక్యంలో ఉన్నమాట నిజమే. అయితే అది మినహాయించేది ఆ క్రీడల్లో వృత్తిరీత్యా పాల్గొన్నందువల్ల అవసరమైన చికిత్సను. సెలవులకు వెళ్లి సరదాగా మునిగిన గుంటూరు ఉపాధ్యాయుడికి ఆ వాక్యం అడ్డు కాదు. జీతానికి డైవింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కు అడ్డు. మీ పాలసీ పత్రంలో వృత్తిరీత్యా అన్న ఆ ఒక్క మాట ఉందో లేదో కళ్లారా చూసుకోండి. ఏజెంటు నోటిమాట మీద ఆధారపడవద్దు, ఎందుకంటే ఈ విషయంలో ఏజెంట్లు రెండు వైపులా పొరబడుతుంటారు. కంపెనీ ఉద్యోగులకు ఇచ్చే గ్రూప్ పాలసీలైతే యజమాని కుదుర్చుకున్న షరతులను బట్టి తేడాలు ఉండవచ్చు కాబట్టి హెచ్‌ఆర్ విభాగం నుంచి పూర్తి పత్రం తెప్పించుకోవాలి.

అలాగని ఆరోగ్య బీమా ఒక్కటే చాలునని కాదు. అది ఆసుపత్రిలో చేరిన తరువాత పనిచేస్తుంది. చేరే వరకు అయ్యే ఖర్చు విషయంలో దాని చేయి చిన్నది: చాలా పాలసీల్లో అంబులెన్స్‌కు కొన్ని వేల రూపాయల పరిమితి మాత్రమే ఉంటుంది, ఎయిర్ అంబులెన్స్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, పడవ మాటే ఎక్కడా కనిపించదు. ఛాంబర్ చికిత్స తరువాత వైద్యులు కొన్ని రోజులపాటు విమానం ఎక్కవద్దంటారు. ఆ రోజుల హోటలు బిల్లు, పోయిన టికెట్లు ఆరోగ్య బీమా పరిధిలోకి రావు. వ్యక్తిగత ప్రమాద బీమాలకు, ప్రయాణ బీమాలకు పైన చెప్పిన ఏకరూప వాక్యం వర్తించదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ ప్రతి కంపెనీదీ సొంత భాష. ప్రమాద బీమా ఉంది కదా అనుకుని ధీమాగా వెళ్లేవారిలో ఎందరో ఆ పత్రంలో సాహస క్రీడల పేరా చదవకుండానే వెళుతున్నారు.

విదేశీ యాత్రకు వెళ్లేవారి ముందు ఉండే మొదటి దారి మన కంపెనీలు అమ్మే ఓవర్సీస్ ట్రావెల్ పాలసీ. షెంజెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య కవరు తప్పనిసరి కాబట్టి యూరప్ వెళ్లేవారు దీన్ని ఎలాగూ కొంటారు. వీసా ఆఫీసుకు కావలసింది ఆ అంకె, మీ పేరు, తేదీలు. మీరు మాల్టాలో డైవింగ్ చేస్తారా లేదా అన్నది దానికి అవసరం లేదు. వీసా కోసం కొన్న అతి చవక పాలసీ డైవింగ్‌కు పనికిరాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇలాంటి పాలసీల్లో స్కూబా మూడు రకాలుగా ఉంటుంది: పూర్తిగా మినహాయించి ఉండవచ్చు, అదనపు ప్రీమియం కట్టి యాడ్-ఆన్ తీసుకుంటే చేరవచ్చు, లేదా ఖరీదైన ప్లాన్లలో షరతులతో ముందే చేరి ఉండవచ్చు. వెబ్‌సైటు మొదటి పేజీలో అడ్వెంచర్ స్పోర్ట్స్ అన్న మాట పక్కన టిక్కు గుర్తు కనిపించినంత మాత్రాన నమ్మకూడదు. ఆ పదానికి పాలసీ నిర్వచనాల భాగంలో ఏ అర్థం ఇచ్చారో, అందులో స్కూబా ఉందో లేదో వెతకాలి. కొన్నిచోట్ల పారాగ్లైడింగ్, రాఫ్టింగ్, బంజీ జంప్ ఉండి స్కూబా ఉండదు.

చేరి ఉన్నచోట కూడా షరతు వాక్యాన్ని నిదానంగా విప్పి చూడాలి. చాలా పాలసీల్లో అది ఇంచుమించు ఈ ధోరణిలో ఉంటుంది: గుర్తింపు పొందిన సంస్థ సర్టిఫికెట్ ఉన్నవారు, లేదా అర్హత గల ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో ఉన్నవారు, 30 మీటర్లకు మించని లోతులో, ఒంటరిగా కాకుండా చేసిన వినోద డైవింగ్. ఇందులో ప్రతి ముక్కా ఒక తలుపు, ఒక గడియ. సర్టిఫికెట్ అన్నప్పుడు మొదటి స్థాయి అయిన ఓపెన్ వాటర్ కార్డు ఉన్నవారికి శిక్షణ సంస్థ ఇచ్చిన పరిమితి 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ కార్డుకు 30 మీటర్లు, డీప్ స్పెషాలిటీ చేసినవారికి 40 మీటర్లు. పాలసీ 30 మీటర్లు అన్నా, మీ చేతిలో ఉన్నది ఓపెన్ వాటర్ కార్డే అయితే 26 మీటర్ల దగ్గర జరిగిన ప్రమాదానికి మీ అర్హత పరిమితి దాటారన్న అభ్యంతరం రావచ్చు. అర్హత గల ఇన్‌స్ట్రక్టర్ అన్నప్పుడు డైవ్‌మాస్టర్ (ఇన్‌స్ట్రక్టర్ కన్నా కింది స్థాయివాడు) ఆ నిర్వచనంలోకి వస్తాడా అన్నది ప్రశ్న. కార్డు లేకుండా తొలిసారి చేసే డిస్కవర్ స్కూబా డైవ్‌లకు ఇది చాలా ముఖ్యం. ఒంటరిగా కాకుండా అన్నది బడ్డీ, అంటే జతగా మునిగే తోడు డైవర్ గురించి. వినోదం అన్నది డబ్బు తీసుకుని చేసేదానిని, పోటీలను, లోతైన టెక్నికల్ డైవింగ్‌ను, గుహల్లోకి, మునిగిన ఓడల లోపలికి దూరడాన్ని పక్కన పెడుతుంది.

లోతు విషయంలో వాదించడానికి ఇప్పుడు అవకాశం తక్కువ. మణికట్టుకు కట్టుకున్న డైవ్ కంప్యూటర్ కొన్ని సెకన్లకొకసారి లోతును నమోదు చేస్తూనే ఉంటుంది. 30 మీటర్ల షరతు ఉన్న పాలసీకి, చేపను ఫొటో తీయబోయి ఒక్క నిమిషం జారిన 31.4 మీటర్ల గుర్తు తెరమీద చెరగకుండా ఉండిపోతుంది. క్లెయిమ్ పరిశీలించేవారు ఆ రికార్డు అడిగే హక్కు కలిగి ఉంటారు. మాల్దీవుల్లో ఈ చిక్కు ఇంకొంచెం గట్టిది: 2003 నాటి వినోద డైవింగ్ నిబంధనల ప్రకారం అక్కడ 30 మీటర్లకు మించి దిగకూడదు, డీకంప్రెషన్ అవసరమయ్యే డైవ్‌లు చేయకూడదు. మీ పాలసీ 40 మీటర్లకు ఒప్పుకున్నా, స్థానిక చట్టాన్ని ఉల్లంఘించినప్పుడు చెల్లింపు ఉండదన్న సాధారణ మినహాయింపు ఆ 10 మీటర్లనూ మింగేస్తుంది. కాబట్టి పాలసీ పరిమితి, మీ కార్డు పరిమితి, ఆ దేశపు పరిమితి, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే మీ లోతు అనుకోవడం క్షేమం.

రెండో దారి డైవర్ల కోసమే ఉన్న బీమా. ఇందులో అందరికీ తెలిసిన పేరు డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, క్లుప్తంగా డాన్. 1980లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డైవింగ్ వైద్య సలహా కేంద్రంగా మొదలై, తరువాత ప్రాంతాలవారీ సంస్థలుగా విస్తరించింది. ముందు సభ్యత్వం, ఆపైన డైవ్ ప్రమాద బీమా అన్న క్రమంలో అమ్ముతారు. మీరు నివసించే దేశాన్ని బట్టి ఏ ప్రాంతీయ సంస్థ మిమ్మల్ని చేర్చుకుంటుందో, ఏ ప్లాన్ ఇస్తుందో వారినే అడిగి తెలుసుకోవాలి. సభ్యత్వ రుసుము కట్టి, అదే బీమా అనుకుని బీమా తీసుకోకుండా వదిలేసేవారు ఉన్నారు. సభ్యత్వంలో ప్రధానంగా ఉండేవి తరలింపు సహాయం, సమాచారం. ఛాంబర్ బిల్లు కట్టేది విడిగా తీసుకున్న బీమా. ఈ రకం పాలసీల అసలు బలం డబ్బులో కన్నా ఫోను అవతల ఉన్న మనిషిలో ఉంటుంది. మామూలు ట్రావెల్ పాలసీ హెల్ప్‌లైన్‌లో పలికేవారికి రెండో డైవ్ తరువాత ఎడమ భుజంలో నొప్పి అంటే ఏమిటో వివరించి చెప్పాలి. డైవింగ్ హెల్ప్‌లైన్‌లో అవతలివారే ఎంత లోతు, ఎంతసేపు, ఉపరితల విరామం (రెండు డైవ్‌ల మధ్య నీటిపైన గడిపిన సమయం) ఎంత, ఆక్సిజన్ మొదలుపెట్టారా అని వరుసగా అడుగుతారు. పనిచేస్తున్న ఛాంబర్ ఏదో వారికి తెలుస్తుంది. అక్కడి వైద్యుడితో నేరుగా మాట్లాడతారు.

బలహీనత కూడా అక్కడే ఉంది. డైవ్ ప్రమాద బీమా ప్రాథమిక ప్లాన్లు చాలావరకు నీటి ప్రమాదాలకే పరిమితం. థాయిలాండ్‌లోని కో తావ్‌లోనో బాలిలోనో అద్దె స్కూటర్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, డెంగీ వస్తే, పాస్‌పోర్టు పోతే, ఇంట్లో ఎవరికో బాగాలేక యాత్ర రద్దయితే అది పలకదు. పైగా వీటిలో కొన్ని మీకున్న మరో బీమా చెల్లించిన తరువాత మిగిలినదాన్ని చెల్లించే ద్వితీయ బీమాలు. అందుకే సర్టిఫికెట్ ఉండి ఏటా విదేశాల్లో డైవింగ్‌కు వెళ్లేవారికి నా సలహా స్పష్టం: మామూలు ట్రావెల్ పాలసీ ఒకటి, డైవ్ ప్రమాద బీమా ఒకటి, రెండూ ఉండాలి. రెండింటినీ కలిపి అమ్మే పాలసీలు కూడా విదేశాల్లో ఉన్నాయి గానీ, భారత నివాసులకు అమ్ముతారో లేదో, క్లెయిమ్ వివాదం వస్తే ఏ దేశపు చట్టం వర్తిస్తుందో చూడకుండా వాటి జోలికి పోకూడదు.

డైవ్ సెంటర్ వారు బీమా మాదే అని చెప్పడం కూడా తరచు వినిపిస్తుంది. చాలా సందర్భాల్లో అది వారి మీద దావా పడితే వారిని కాపాడే బాధ్యతా బీమా. మీ వైద్య ఖర్చుకు సంబంధం లేనిది. నిజంగా మీ పేర తీసుకున్న ప్రమాద బీమా అయితే పాలసీ నంబరు, బీమా మొత్తం రాసి ఉన్న కాగితం చూపించగలగాలి. ఇక క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే ప్రయాణ బీమా ఎక్కువగా విమాన ప్రమాదానికి, సామాను పోవడానికి పరిమితమై ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు ఫ్లోరిడా, హవాయి వెళ్లినప్పుడు వారి ఆరోగ్య బీమా నెట్‌వర్క్‌లో ఛాంబర్ ఉన్న ఆసుపత్రి ఉందో లేదో చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. మెక్సికోలోని కొజుమెల్ వంటి చోట్లకు పోతే అది విదేశం, మళ్లీ మొదటి ప్రశ్నే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ మీద వారిని డైవింగ్‌కు తీసుకుపోయే ముందు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

మనిషిని బట్టి చూస్తే, హావ్‌లాక్‌లో జీవితంలో ఒకసారి 12 మీటర్ల లోపు డిస్కవర్ స్కూబా చేసి వచ్చేవారికి సొంత ఆరోగ్య బీమా, దానికి తోడు స్కూబా పేరు ఉన్న దేశీయ ప్రయాణ బీమా దొరికితే అది, అంతకుమించి అవసరం లేదు. వారు నిజంగా జాగ్రత్తపడవలసింది తిరుగు విమానం దగ్గర. డాన్ సిఫార్సు ప్రకారం ఒక్క డైవ్ తరువాత కనీసం 12 గంటలు, ఒకే రోజు పలుమార్లు లేదా వరుస రోజుల్లో మునిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. 24 గంటలు ఆగడం ఇంకా మంచిది. చివరి రోజు సాయంత్రం స్కూబా, తెల్లవారి హైదరాబాదు విమానం అని రాసి ఉన్న ప్యాకేజీని మార్చమని ట్రావెల్ ఏజెంటును అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఓపెన్ వాటర్ కోర్సు చేయడానికి థాయిలాండ్ వెళ్లేవారికి శిక్షణలో ఉన్న విద్యార్థిని స్పష్టంగా చేర్చుకునే ట్రావెల్ పాలసీ కావాలి. సర్టిఫికెట్ ఉన్నవారికే అని రాసి ఉంటే, కార్డు చేతికి వచ్చే వరకు మీరు బీమా లేనివారే. పడవలోనే వారం రోజులు గడిపే లివ్అబోర్డ్ యాత్రలకు తరలింపు పరిమితి ఎక్కువగా ఉండాలి; ప్రవాహంలో కొట్టుకుపోయిన డైవర్‌ను వెతికే ఖర్చు వైద్య తరలింపులో భాగం కాదు కాబట్టి గాలింపు, రక్షణ అన్నది పాలసీలో విడి అంశంగా ఉందో లేదో చూడాలి; విమానం ఆలస్యమై పడవ తప్పిపోతే ఆ నష్టం పూడ్చే అంశమూ వీరికి అవసరమే. సొంత రెగ్యులేటర్ (సిలిండర్‌లోని గాలి పీల్చుకునే పరికరం), కెమెరా తీసుకుపోయేవారు బ్యాగేజీ కవరు చూసి తృప్తిపడకూడదు. ఒక్కో వస్తువుకు పరిమితి ఉంటుంది, వాడుతుండగా పాడైతే చాలా పాలసీలు ఇవ్వవు.

నలభై, యాభై దాటినవారి విషయం కాస్త వివరంగా చెప్పాలి. మన దగ్గర ఆ వయసుకు మధుమేహం, రక్తపోటు మామూలైపోయాయి. డైవ్‌కు ముందు ఇచ్చే వైద్య ప్రశ్నపత్రంలో వీటి గురించి, ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి శస్త్రచికిత్సల గురించి అడుగుతారు. ఒక్కదానికి అవును అంటే వైద్యుడి సంతకం తెమ్మంటారేమో, డైవ్ పోతుందేమో అన్న భయంతో అన్నిటికీ కాదు అని గీసిపారేయడం చాలామందికి అలవాటు. ఆ కాగితం డైవ్ సెంటర్ ఫైల్లోనే ఉంటుంది. ప్రమాదం జరిగాక ఆసుపత్రిలో మందుల వివరాలు అడిగినప్పుడు మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ అని చెబుతారు, అది డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. బీమా కంపెనీ బల్ల మీద ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పడినప్పుడు ముఖ్యమైన విషయం దాచారన్న కారణం చూపడానికి వారికి ఎక్కువ శ్రమ అక్కర్లేదు. బయల్దేరే ముందే మీ వైద్యుడి దగ్గర డైవింగ్‌కు యోగ్యత పత్రం తీసుకుని, పాలసీ ప్రతిపాదనలో జబ్బును రాసి, ముందునుంచీ ఉన్న జబ్బుల విషయంలో పాలసీ ఏమి చెల్లిస్తుందో తెలుసుకుని వెళ్లడం ఒక్కటే దారి. ప్రీమియం కొంత పెరిగితే పెరగనివ్వండి.

కొనే ముందు కంపెనీకి ఈమెయిల్ రాయండి. ఫోనులో వచ్చిన జవాబుకు సాక్ష్యం ఉండదు. ఫలానా తేదీల్లో ఫలానా దేశంలో, ఫలానా సర్టిఫికెట్‌తో, ఇంత లోతు వరకు స్కూబా చేస్తాను. డీకంప్రెషన్ సిక్‌నెస్‌కు హైపర్‌బారిక్ ఛాంబర్ చికిత్స, అక్కడికి పడవలో లేదా హెలికాప్టర్‌లో తరలింపు ఈ ప్లాన్‌లో ఉన్నాయా, ఏ క్లాజు కింద అని సూటిగా అడగండి. క్లాజు నంబరుతో సమాధానం వచ్చే కంపెనీ దగ్గర కొనండి. పాలసీ తేదీలు తిరుగు ప్రయాణపు రోజుతో ముగియకుండా రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకోవాలి. లక్షణాలు చాలావరకు 24 గంటల్లోపే కనిపించినా, చికిత్సకు, విశ్రాంతికి రోజులు పడతాయి.

ప్రమాదం జరిగినప్పుడు వరుస ఇది. మొదట ఆక్సిజన్, స్థానిక అత్యవసర వైద్య సహాయం. బీమా ఫోను దాని తరువాతే. రోగి ప్రాణం మీద ఉన్నప్పుడు అనుమతి కోసం ఎవరూ ఆగకూడదు. కానీ స్థిమితపడిన వెంటనే, వీలైతే అంబులెన్స్ దారిలో ఉండగానే, వెంట ఉన్నవారు పాలసీ అసిస్టెన్స్ నంబరుకు ఫోను చేసి కేసు నంబరు రాసుకోవాలి. హెలికాప్టర్‌ను, ఎయిర్ అంబులెన్స్‌ను మీరే మాట్లాడుకుని తరువాత బిల్లు పంపితే చాలా కంపెనీలు చెల్లించవు. ఏర్పాటు తామే చేయాలి, లేదా తమ ఆమోదం ఉండాలి అన్నది దాదాపు ప్రతి పాలసీలోనూ ఉండే షరతు. ఫోనులో మాట్లాడినవారి పేరు, సమయం, చెప్పిన మాట ఒక కాగితం మీద రాసుకుని, అదే విషయం వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో వారికి పంపితే తరువాత వాదనకు తావుండదు. ఆసుపత్రి అడ్వాన్సు అడిగినప్పుడు గ్యారంటీ లెటర్ (బిల్లు తాము కడతామన్న హామీ పత్రం) పంపమని అసిస్టెన్స్ వారినే అడగాలి. అది అందేలోగా కట్టవలసి వస్తే కార్డులో ఆ మేరకు పరిమితి ఉండేలా ముందే చూసుకోవడం తెలివి.

మద్యం సంగతి చెప్పక తప్పదు. మత్తులో జరిగిన ప్రమాదాలకు దాదాపు ఏ పాలసీ చెల్లించదు, ఆసుపత్రి రికార్డులో మద్యం వాసన అన్న ఒక్క ముక్క చాలు. రెండు డైవ్‌ల మధ్య భోజనంలో బీరు మానేయడం శరీరానికీ మంచిదే.

క్లెయిమ్‌కు మామూలు బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, పాస్‌పోర్టు ముద్రలతో పాటు డైవర్ నుంచి అదనంగా అడిగేవి కొన్ని ఉంటాయి: సర్టిఫికేషన్ కార్డు, ఆ రోజు లాగ్ బుక్ పేజీ, డైవ్ కంప్యూటర్ నుంచి దించిన ప్రొఫైల్, ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో ప్రమాద నివేదిక, ఛాంబర్‌లో ఏ టేబుల్ ప్రకారం ఎన్ని విడతలు ఇచ్చారో తెలిపే చికిత్సా పత్రం. చివరి రెండూ దీవి వదిలే ముందే తీసుకోవాలి. సీజన్ అయిపోయి ఆ ఇన్‌స్ట్రక్టర్ మరో దేశం వెళ్లిపోయాక సంతకం కోసం తిరగడం తేలిక కాదు. కంప్యూటర్ మెమరీ నిండితే పాత డైవ్‌లు చెరిగిపోతాయి కాబట్టి ఆ ప్రొఫైల్‌ను అదే రోజు ఫోనులోకి దించుకోవాలి, కనీసం తెరను ఫొటో తీసుకోవాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే తిరస్కరణ లేఖలో క్లాజు నంబరు రాయమని అడగండి. సాహస క్రీడ కాబట్టి చెల్లించం అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ పాలసీలోని ఏ మాట ప్రకారం అన్నది ఉండాలి. ఆరోగ్య బీమా కింద అండమాన్ క్లెయిమ్ తిరస్కరించి ఎక్స్‌క్ల్09 చూపిస్తే, వృత్తిరీత్యా అన్న మాటను ఎత్తి చూపుతూ, మీ ఉద్యోగ ధ్రువీకరణ జతచేసి కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాసులకు ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే చోటును బట్టి అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. విదేశీ సంస్థ దగ్గర నేరుగా కొన్న డైవ్ బీమాకు మాత్రం ఈ దారి వర్తించదు. దాని ఫిర్యాదుల పద్ధతి ఏమిటో ఆ పత్రంలోనే ఉంటుంది, కొనేరోజే చదివి ఉంచుకోవాలి.